మా అత్త సున్నపుకాయ, నా ముక్కు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండూ కలిపి వెతికినా నా ముక్కులాంటి ముక్కు దొరకదు. మూత తీయకుండానే సీసాలో ఏముందో చెప్పగలిగినవాణ్ని. పెద్ద చదువులు చదివినవాళ్లు తల పట్టుకు కూర్చున్న ఒక ఫ్యాక్టరీని ఈమధ్యనే ఈ ముక్కుతో నిలబెట్టాను. క్వాటర్నరీ అమ్మోనియం సమ్మేళనం అనేదాన్ని ఎలా చెయ్యాలో, చేశాక అది అసలుదో కాదో ఎలా తేల్చాలో వాళ్లకి నేర్పి వచ్చాను.

అరసవల్లిలో మా వీధి టీకొట్టు దగ్గర నేను చెప్పే కథ ఇది. అక్కడ అందరూ నమ్మారు. కాగితం మీద పెట్టేసరికి చెయ్యి కొంచెం వెనక్కి లాగుతోంది కాబట్టి చిన్న చిన్నవి ముందే ఒప్పేసుకుంటాను.

అది ఫ్యాక్టరీ కాదు. కోటబొమ్మాళి దగ్గర ఒక పాత రైసుమిల్లు షెడ్డు. పెద్ద చదువులవాళ్లు అంటే ఒకే ఒక్క అమ్మాయి. సీసాల సంగతి అబద్ధం కాదు గానీ, కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ముప్పై ఏళ్ల పైన అటెండరుగా చేసినవాణ్ని, ఆ సీసాలు నింపిందీ నేనే, అరల్లో సర్దిందీ నేనే. లేబుల్ ఊడిపోయిన సీసా పట్టుకుని లెక్చరర్లు వస్తే కళ్లు మూసుకుని, గాలి పీల్చి, కాసేపు ఆగి చెప్పేవాణ్ని. ఆ ఆగడంలోనే ఉంది విద్యంతా.

ముక్కు మాత్రం నిజం. సముద్రం ఒడ్డున చేపలవాళ్లింట్లో పుట్టినవాణ్ని. మా ఇంటావిడ నా మేనత్త కూతురే. పెళ్లయిన మూడో రోజున ఆవిడ మొట్టమొదటిసారి పొయ్యి మీద పులుసు పెడితే, వీధి మొదట్లో ఉండగానే పసిగట్టి, గుమ్మంలోకి రాగానే "వంజరం" అన్నాను. ఆవిడ గరిటె పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయింది. రెండుసార్లు వేయించుకుని తిన్నాను. దీని మీద మాత్రం ఎవరు వాదనకొచ్చినా తగ్గను.

ఆవిడ తల్లి, మా అత్త, తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి చేపలమ్మేది. ఆమె పోయి చాలాకాలమైంది. ఆమె వదిలి వెళ్లినవాటిలో మా ఇంట్లో మిగిలింది ఒక ఇత్తడి సున్నపుకాయ, కిళ్లీ సున్నం దాచుకునేది, బొటనవేలంత. మా ఇంటావిడ కిళ్లీ వేసుకుంటుంది కాబట్టి అది ఎప్పుడూ ఆవిడ బొడ్లోనే ఉంటుంది. ఈ కథలో దానికి నాకంటే పెద్ద వేషం ఉంది. ఇంతవరకు టీకొట్టు దగ్గర దాని పేరు ఎత్తలేదు.

ఇప్పుడు ఆ అమ్మాయి సంగతి. కోటబొమ్మాళి దగ్గర రైతు కూతురు. కాలేజీలో నా దగ్గరే పిపెట్ పట్టుకోవడం నేర్చుకుంది. పైచదువులు చదివి, కొన్నేళ్లు మందుల కంపెనీల్లో పనిచేసి, సొంతంగా ఏదో చెయ్యాలని ఊరికి వచ్చేసింది. వాళ్ల నాన్న మూసేసిన రైసుమిల్లు షెడ్డు ఇచ్చాడు, ఇస్తూనే గడువూ పెట్టాడు. కొత్త ధాన్యం వచ్చేలోగా నీ సరుకు ఎవరైనా తీసుకుంటే షెడ్డు నీది, లేకపోతే బస్తాలు వేసుకుంటాను అన్నాడు. ఆ గడువు మీదే ఆమె బతుకంతా వేలాడుతోంది. నన్ను ఎందుకు పిలిచిందంటే, "బాబాయ్, ఇందులో సగం పని ముక్కుతోనే. మీ ముక్కు నాకు తెలుసు కదా," అంది. నేను కాదనలేదు. కాదనాల్సిన కారణం ఒకటి ఉంది, అది తరవాత చెప్తాను.

ఆమె చేసేది బీటైన్. కోళ్ల దాణాలో కలుపుతారు. ఎండదెబ్బకి కోళ్లు వాలిపోకుండా కాస్తుందట. రొయ్య మాంసంలో ఉండే తియ్యదనంలో కొంత దీనిదే అని ఆమె చెప్పినప్పుడు నాకు ఆ పొడి మీద చుట్టరికం పుట్టుకొచ్చింది. పైగా అది దేన్నుంచి పుడుతుందో చూడండి. ట్రైమిథైల్ అమీన్ అని ఒక ద్రవం డ్రమ్ముల్లో వస్తుంది. మూత తీస్తే చేప అమ్ముడుపోక మిగిలిన రోజుల్లో మా ఊరి ఒడ్డు ఎలా ఉంటుందో అలా ఉంటుంది. కుళ్లిన చేపలో వచ్చే కంపు అదే, వేరే కాదు. రెండోది క్లోరోఎసిటిక్ యాసిడ్, చేతి మీద పడితే తోలు ఊడుతుంది. ఆ యాసిడ్‌ని సోడాతో శాంతపరిచి, అందులోకి ఈ కంపుని మెల్లమెల్లగా వదిలి, వెచ్చగా కలుపుతూ కూర్చుంటే, కంపూ పోతుంది, మంటా పోతుంది, పంచదారలాంటి తెల్లటి పలుకులు మిగులుతాయి.

ఎలా పోతుందో కాలేజీలో లెక్చరర్లు బోర్డు నిండా గీసేవారు. వెనక నిలబడి బల్లలు తుడుస్తూ నేను అర్థం చేసుకున్నది ఇంతే. నత్రజని మూడు చేతులతో మూడు మిథైల్ పిల్లల్ని పట్టుకుని ఉంటుంది. నాలుగో చెయ్యి ఖాళీ. ఆ ఖాళీ చేతితోనే ఊరంతా తిరిగి కంపు పంచుతుంది. క్లోరిన్ జరిగి చోటిస్తే ఆ నాలుగో చేత్తో ఇంకో కార్బన్‌ని పట్టుకుంటుంది. నాలుగు చేతులూ నిండినవాళ్లు ఇంక ఎక్కడికి పోతారు. ఎగరలేదు, వాసన వెయ్యలేదు, కుదురుగా కూర్చుంటుంది. క్వాటర్నరీ అంటే అదే. సంసారం నిండిపోవడం.

కాకపోతే ఊళ్లో పెళ్లికానివాళ్లు కొందరు మిగిలిపోయినట్టు కొంత అమీన్ జత దొరక్క మిగిలిపోతుంది. దాన్ని వేడిచేసి, వ్యాక్యూమ్ పెట్టి పూర్తిగా బయటికి లాగేయాలి. అంతా పోయాకే హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోసి, చల్లార్చి, పలుకులు కట్టించాలి. పోయిందో లేదో చెప్పడం నా పని. సీసాలో కొంచెం తీసి, చల్లార్చి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, కాసేపు ఆగి, "పోయింది, యాసిడ్ పొయ్యమ్మా," అన్నాను. పోసింది.

మొదటి శాంపిల్ కొత్తవలస దగ్గర ఒక కోళ్ల దాణా మిల్లుకి వెళ్లింది. నాలుగు రోజులకి మిల్లాయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఆమె స్పీకర్‌లో పెట్టింది.

"అమ్మా, మీ పౌడరు డబ్బాలో ఉన్నంతసేపూ బాగానే ఉన్నాది. సున్నపురాయి పొడీ అదీ కలిపి కాస్త తడిపినామో లేదో, సచ్చిన సేపల కంపు. రేపు గుడ్లకి ఆ వాసన పడితే నన్ను తంతారు. ఇంకోటి పంపించండి, సూస్తాను. అదీ ఇలగే ఉంటే ఇంక ఫోన్ సెయ్యకండి."

ఆమె డబ్బా మూత తీసి వాసన చూసింది. వాళ్ల నాన్న చూశాడు. ఏమీ లేదు. నేనూ చూసి, "మిల్లువాళ్ల దగ్గరే ఏదో చేపల పొడి కలిసుంటాది. మన తప్పు కాదమ్మా," అని తీర్పు చెప్పాను. వాళ్ల నాన్న షెడ్డు పొడవు అడుగులతో కొలుచుకుంటూ వెళ్లాడు. బస్తాలు ఎన్ని పడతాయో చూస్తున్నాడని ఆ అమ్మాయికీ తెలుసు, నాకూ తెలుసు.

మర్నాడు నా మాటకి బలం కోసం ఒక పొట్లం పొడి ఇంటికి పట్టుకెళ్లాను. ఇక్కడ టీకొట్టు కథ ప్రకారం, వీధిలో చేపల బేరం చూస్తుండగా నా బుర్రలో మెరుపు మెరిసి, సున్నం తెప్పించి, పరీక్ష కనిపెట్టాను. బేరం జరిగిన మాట నిజం. మా ఇంటావిడ గుమ్మంలో కూర్చుని తట్ట దింపించింది.

"ఇది ఎప్పటిదే?"

"పొద్దున్న వల్లో పడ్డాదప్పా. కళ్లు సూడు, ఎలగ మెరుస్తన్నాయో."

"కళ్లు నాకెందుకే. దాంతో కబుర్లాడతానేటి." ఆవిడ బొడ్లోంచి సున్నపుకాయ తీసి, వేలి చివర సున్నం అద్దుకుని, మొప్ప ఎత్తి లోపల రాసింది. ఆకు మడత పెట్టినంతసేపు ఆగి, వాసన చూసింది. "సింతపండు నీల్లతో కడిగినావు."

"నీ ముందర దాస్తానేటప్పా. రేపు మంచిది తెస్తాను," అంది చేపలావిడ, ఏమాత్రం సిగ్గుపడకుండా తట్ట ఎత్తుకుంటూ.

పాచిపోయిన చేపని పులుపు నీళ్లతో కడిగితే వాసన అణుగుతుంది. సున్నం తగిలితే మళ్లీ లేస్తుంది. మా అత్త చేపలు కొనేటప్పుడు ఇలాగే చూసేది. అమ్మేటప్పుడు ఎవరైనా ఇలా చూస్తే తిట్టేది. పుట్టినప్పటినుంచీ చూస్తూనే ఉన్నాను. కాలేజీలో అమ్మోనియం లవణాలకి క్షారం కలిపి వాసన చూపించే ప్రయోగానికి ముప్పై ఏళ్లు పరీక్షనాళికలు కడిగాను. ఈ రెండూ ఒకటేనని ఒక్కరోజూ తోచలేదు. ఆ రోజూ తోచలేదు. చేపలావిడ వెళ్లాక నేను పొట్లం విప్పాను, అంతే.

"ఇదేటి బావా, పంచదారా?"

"బీటైన్. వాసన సూడు. ఉన్నాదా?"

"నేదు."

"మరదే నేనూ సెప్తన్నాను. కంపు కొడతాదని తిప్పి పంపించీసినాడు కొత్తవలసాడు."

ఆవిడ చిటికెడు నాలిక మీద వేసుకుంది. వద్దనేలోపే వేసేసుకుంది. "పుల్లగున్నాది. పుల్లగుంటే వాసనెలగొస్తాది? మీరూ సింతపండు నీల్లు పోసీసినారు," అంది.

పొడి అరచేతిలో పోసుకుని, చుక్క నీళ్లు, వేలితో సున్నం. బుసబుసమని బుడగలొచ్చాయి. వాసన చూసి తల అడ్డంగా ఊపింది. "పులుపు ఎక్కువున్నాది, సాల్నేదు," అని కాయలో ఉన్న సున్నమంతా గీకి వేసి నూరింది. ఈసారి మొహం పక్కకి తిప్పుకుంది. అరచెయ్యి నా ముక్కు కింద పెట్టింది.

"ఏటొస్తంది?"

నేను కళ్లు మూసుకుని, గాలి పీల్చి, కాసేపు ఆగాను. "కొంచెం... సున్నం వాసన."

ఆవిడ చెయ్యి తియ్యలేదు. "బావా, నీకు వాసన తెలీదు కదా," అంది మెల్లగా.

ఇందాక తరవాత చెప్తానన్నది ఇదే. రెండేళ్ల కింద జ్వరమొచ్చి తగ్గాక నాకు వాసనలు పోయాయి. ఊరంతా ముక్కున్నవాడిగా తెలిసినవాణ్ని, ఎవరికి చెప్పుకోను. మరి షెడ్డులో ఎలా చెప్పానంటే, ఆ అమ్మాయి చున్నీ చూసి చెప్పాను. కంపు ఉన్నంతసేపూ ముక్కుకి అడ్డం పెట్టుకునేది. చున్నీ దించినప్పుడు పోయిందనుకున్నాను. పొద్దుటినుంచీ అందులోనే ఉన్న మనిషి ముక్కు మొద్దుబారిపోతుందని, అందుకే దించిందని నాకు తట్టలేదు. ఆమె నా ముక్కుని నమ్మింది, నేను ఆమె చున్నీని నమ్మాను. మిగిలిపోయిన అమీన్ యాసిడ్ పడగానే లవణమై పలుకుల మధ్య నక్కి, కొత్తవలస దాకా పెద్దమనిషిలా వెళ్లి, అక్కడ సున్నపురాయి కనపడగానే లేచి కూర్చుంది.

మర్నాడు ఇద్దరం బస్సెక్కాం. దారిపొడవునా నా ఉపన్యాసం తయారు చేసుకున్నాను. షెడ్డు దగ్గర ఆటో దిగగానే మొదలెట్టాను. "అమ్మా, ఆలోచించి ఆలోచించి ఒక పరీక్ష కనిపెట్టాను." సున్నంతో చేసి చూపించాను. ఆ అమ్మాయి వాసన చూసి గోడకి ఆనుకుంది. తరవాత గబగబా తనే చెప్పుకుపోయింది. నాలుగు చేతులూ నిండిన బీటైన్‌ని చల్లటి సున్నం ఏమీ చెయ్యలేదు, దాన్ని విడగొట్టాలంటే గట్టి క్షారంతో బాగా కాల్చాలి, కాబట్టి సున్నానికి లేచిందంటే అది జత దొరకని అమీనే. "ఎంత తేలికైన పరీక్ష బాబాయ్. రెండో బ్యాచ్ రియాక్టర్‌లో ఉంది. యాసిడ్ ఎప్పుడు పొయ్యాలో ఈసారి కూడా మీ ముక్కుకే వదిలేస్తాను. ఇదే ఆఖరుది."

మా ఇంటావిడ నా వంక చూడలేదు. కిళ్లీ మడుచుకుంటోంది. అరిచి ఉంటే బుకాయించేవాణ్నేమో.

"నాకు వాసన తెలీదమ్మా," అన్నాను. "రెండేళ్లయింది."

"మరి మొదటిసారి?"

"నీ చున్నీ చూసి చెప్పాను."

ఆమె కడిగి బోర్లించిన ఫ్లాస్కు ఒకటి తీసుకుని మళ్లీ కడిగింది. దాన్ని బోర్లించి, ఇంకోటి కడిగింది. ముప్పై ఏళ్లలో ప్రిన్సిపాళ్లు పెట్టిన చీవాట్లన్నీ కలిపినా ఆ రెండు ఫ్లాస్కుల చప్పుడుకి సరిపోవు. తరవాత వెనక్కి తిరిగి, "పిన్నీ, సాయంత్రం దాకా ఉంటారా," అంది.

"ఉంటాను గానీ నాను లోపల కూసోనే. రోడ్డు మీద కూసుంటాను. అక్కడికి తెండి. కంపులో కూసున్న ముక్కు కంపుని సెప్పదు," అంది మా ఇంటావిడ.

రోడ్డు పక్కన కుర్చీ వేశాం. రియాక్టర్‌లో వేడి పెట్టి వ్యాక్యూమ్ లాగుతూ, కాసేపటికోసారి స్టీలు గిన్నెలో కొంచెం తీసి, చల్లార్చి, సున్నం కలిపి నేను మోసుకెళ్లేవాణ్ని. ఆవిడ వాసన చూడడం, "ఉన్నాది," అనడం. నేను వెనక్కి రావడం. ఎన్నిసార్లు తిరిగానో. కొట్లో సున్నం డబ్బా కొనుక్కొచ్చాను కూడా. మధ్యాహ్నం దాటాక వాళ్ల నాన్న వచ్చి కుర్చీ పక్కన నిలబడ్డాడు.

"ఏటప్పా, ఇంకా ఉన్నాదేటి? నాకేటీ తెలీటం నేదు."

"నీకు గడ్డి వాసన తెలుస్తాది బాబూ, సేప వాసన మాకు వదిలీ."

"కరెంటు కాలిపోతంది."

"కాలనీ. సగం వండిన కూర దింపుతావేటి?"

అతను నవ్వు దాచుకోడానికి కండువాతో మొహం తుడుచుకున్నాడు. పొద్దు వాలుతుండగా తెచ్చిన గిన్నెని ఆవిడ ఒకసారి చూసి, కిందపెట్టి, నోట్లో కిళ్లీ ఉమ్మేసి, పుక్కిలించి, మళ్లీ చూసింది. మా అందరి ఊపిరీ ఆ గిన్నెలోనే ఉంది.

"పోనాది," అంది. "ఇప్పుడు పోసుకోండి మీ సింతపండు నీల్లు."

పలుకులు కట్టాయి, ఆరాయి, కొత్తవలస వెళ్లాయి. వారం రోజులు ఎవరూ ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. ఎనిమిదో రోజు ఆ అమ్మాయి చేసింది. నాకు కాదు, మా ఇంటావిడకి. సున్నపురాయితో తడిపినా వాసన రాలేదట, దాణామిల్లాయన సరుకు పంపమన్నాడట. వాళ్ల నాన్న షెడ్డులో ఒక మూల పేర్చడం మొదలెట్టిన ఖాళీ బస్తాలు ఎత్తి బండిలో వేసుకుపోయాడట.

తరవాత నేను వెళ్లినప్పుడు బ్యాచ్ కాగితం చూపించింది. యాసిడ్ పోసేముందు చెయ్యాల్సిన పరీక్షల్లో సున్నం పరీక్ష ఎక్కింది. పక్కన ఎవరు చూపించారో రాయడానికి ఒక గడి ఉంది. ఆమె పెన్ను నా చేతికిచ్చి లోపలికి వెళ్లింది. నేను నా పేరు రాశాను. ఇదే అన్నిటికంటే పెద్ద ఒప్పుకోలు. రెండురోజులు అన్నం సయించక మళ్లీ వెళ్లి, కొట్టేసి, మా అత్త పేరు రాసి వచ్చాను. ఆ అమ్మాయి చూసి, "ఇది రాస్తారని తెలుసు బాబాయ్. కొంచెం ఆలస్యమైంది," అంది.

ఇదంతా రాసి, అబద్ధాలన్నీ ఏరేశాను కదా అని, నిన్న మా ఇంటావిడకి చదివి వినిపించాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మధ్యలో ఆపకుండా అంతా వింది.

"అంతా సరిగ్గానే ఉన్నాదా?" అన్నాను.

"ముక్కు జొరానికి పోనాదని రాసినావు."

"మరి?"

"ఆ మూడో రోజు పులుసు వంజరం కాదు, సిన్న సేపలు, కవ్వళ్లు. అవీ సెడిపోనాయి. మా అమ్మ సున్నం రాసి సూసి పారీమన్నాది, నాను మర్సిపోయి వండీసినాను. నువ్వు గుమ్మంలో నిలబడి వంజరం అన్నావు, రెండుసార్లు యేయించుకున్నావు. నీకు ముక్కు ఎప్పుడూ నేదు బావా."